గిన్నె అడుగున ఎర్ర చుక్క

కెన్యాలోని ఒండిటి స్టోర్స్ కిసుము బ్రాంచిలో వంటసామాన్ల విభాగం అంటే అపోండి, అపోండి అంటే వంటసామాన్ల విభాగం. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది. పెద్దాయన ఒండిటి బతికున్న రోజుల్లో ఆ కంపెనీ దుకాణాల్లో సూది దగ్గర్నుంచి సోఫా దాకా దొరికేది. ఆయన పోయాక కుర్చీ ఎక్కిన కొడుకు జెఫ్ మూడేళ్లలో యూనిఫాం రంగు మూడుసార్లు మార్చాడు, సరుకిచ్చేవాళ్ల ఫోన్లు ఎత్తడం మానేశాడు. ఇప్పుడు నాలుగు వరసల షెల్ఫుల్లో ముప్పై టాయిలెట్ పేపర్ చుట్టలు, అలిగిన చుట్టాల్లా ఎడమెడంగా కూర్చున్నాయి.

బుధవారం మధ్యాహ్నం మేనేజర్ వాసొంగా చెమటలు కక్కుతూ వచ్చాడు. "అక్కా, కొంప మునిగింది. రేపు జెఫ్ సార్ వస్తున్నాడు. షెల్ఫులు ఖాళీగా కనబడితే అక్కడికక్కడే బ్రాంచి మూసేస్తాడంట!"

అపోండి పింఛనుకి ఇంకా మూడేళ్లుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు తన చామా. వీధిలోని పన్నెండు మంది ఆడవాళ్లు నెలకొకరికి వంతులవారీగా గిన్నెలూ ఫ్లాస్కులూ కొనిపెట్టుకునే సంఘం అది. ఒకరింట్లో కార్యమైతే పన్నెండిళ్ల సామానూ అక్కడికే చేరుతుంది. కలిసిపోకుండా ఎవరి గిన్నె అడుగున వాళ్లు గోళ్లరంగుతో చుక్క పెట్టుకుంటారు.

"ఒక్కరోజుకేనర్రా, కాదనకండి," అని అందర్నీ బతిమాలింది.

"శనివారం మగపెళ్లివారు మా పిల్లకి కన్యాశుల్కంగా ఇచ్చే ఆవుల బేరం మాట్లాడటానికొస్తున్నారు," అంది పక్కింటి అకోత్. "ఒక్క మూత తగ్గిందో, నీ పని చెప్తా."

గురువారం షెల్ఫులు కళకళలాడాయి. నల్లకళ్లజోడు, వెనక ఇద్దరు ఫొటోగ్రాఫర్లతో జెఫ్ వచ్చి ఓ గిన్నె తిరగేశాడు. "ఈ ఎర్ర చుక్కేంటి?"

వాసొంగా అపోండి వెనక్కి జరిగాడు.

"తనిఖీ గుర్తు సార్," అంది అపోండి. "చుక్క లేనిది మేం అమ్మం."

"అద్భుతం! ఇకనుంచి అన్ని బ్రాంచీల్లోనూ అన్నిటికీ చుక్క పెట్టాలి. రొట్టెలకైనా సరే!"

గండం గట్టెక్కిందని ఆమె ఊపిరి పీల్చుకునేలోపే జెఫ్ చిటికేశాడు. "ఇంత సరుకు ఇక్కడ మూలుగుతోందా? నైరోబీ షాపు బోసిగా ఉంది. మొత్తం లారీకెత్తండి."

కూలీలు అకోత్ ఫ్లాస్కుల మీద చెయ్యి వేశారు. వాసొంగా అపోండి కాలు తొక్కాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. శనివారం అకోత్ ఇంటికొచ్చినవాళ్లు మాత్రం దోసిళ్లతో టీ తాగాలి.

"ఆగండి!" అంటూ ఆమె ఫ్లాస్కు లాక్కుంది. "ఇవి మావి సార్. ఎర్ర చుక్క నాది, నీలం చుక్క అకోత్‌ది. మీ నాన్నగారే ఉంటే, ఇళ్లల్లోంచి గిన్నెలు తెచ్చి ఆయన పరువు నిలబెట్టాల్సిన ఖర్మ మాకు పట్టేదా? ఇక్కడ మీవంటూ ఉన్నవి ఆ షెల్ఫులే. కావాలంటే వాటిని పట్టుకెళ్లండి."

జెఫ్ షెల్ఫుల్ని ఎగాదిగా చూశాడు. "మంచి ఐడియా. షెల్ఫులు విప్పండి."

సాయంత్రానికి షెల్ఫులు లారీ ఎక్కాయి, తలుపుకి తాళం పడింది. సామాను కోసం వచ్చిన పదకొండు మందీ, అపోండీ తలల మీద గిన్నెలతో రోడ్డెక్కారు. దారిన పోయే ఆయనెవరో ఆశగా ఆగి, "ఒండిటిలో తగ్గింపు ధరలా అమ్మా?" అన్నాడు.

"అన్నీ అయిపోయాయి నాయనా," అంది అకోత్.

ఆ మాటతో అపోండికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ దుకాణమంటే ఆమెకు ప్రాణం.

"ఊరుకోవే," అంది అకోత్. "శనివారం నూటయాభై మంది తిండికొస్తున్నారు. వంటసామాన్ల విభాగం ఎవరు చూస్తారు, నేనా?"

అపోండి ముక్కు తుడుచుకుంది. "మూతలన్నీ ఉన్నాయా, చూశావా?"