పైడితల్లి వీపు మీద

నేను ఒక చర్మపు పొరను. సింహాద్రప్పడనే లారీ డ్రైవరు తొడ మీద పుట్టి పెరిగాను. లుంగీ చాటు బతుకు, ఎండ ఎరగను. ఎక్కడైనా గీరుకుపోతే నా కణాలు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ వచ్చి పూడ్చేవి. ఆ పిలుపుకు నోరక్కర్లేదు. దెబ్బ తిన్న కణంలో ఏదో రసాయనం ఊరుతుంది, పక్క కణం అందుకుంటుంది, అంతే. నొప్పిని దాచిపెట్టడం మాకు చేతకాదు.

ఒక మధ్యాహ్నం సింహాద్రప్పడి గుండె స్టీరింగు మీదే ఆగింది. ఆసుపత్రివాళ్లు చర్మం అడిగితే చుట్టాలంతా ఒప్పుకోవద్దని అతని భార్య వరహాలు మీద విరుచుకుపడ్డారు. అయినా ఆమె, “కాలిపోయినోళ్లకి పనికొత్తాదంటే తీసుకోండి బాబూ. మొకం మాత్రం ముట్టుకోకండి” అంది.

ఆ తర్వాత అంతా చలి. బతికుండగా అతను చెయ్యి చాపితే టీ గ్లాసు దూరం నుంచి అందించినవాళ్లున్నారు. పోయాక అతని చర్మాన్ని మంచుపెట్టెలో ఎంత అపురూపంగా దాచారో!

మళ్లీ వెచ్చదనం తగిలింది పైడితల్లి వీపు మీదే. బాణసంచా షెడ్డులో మందు అంటుకుని ఆమె వీపంతా కాలిపోయింది. నన్ను జల్లెడలా చిల్లులు పొడిచి, సాగదీసి పరిచారు. కింద అంతా నిశ్శబ్దం. పిలవాల్సిన కణాలు మాడిపోయాయి. నాలో మిగిలిన ప్రాణంతో నేనే పిలిచాను. మొదట ఎవరూ పలకలేదు. ఆనక లోతుల్లోంచి సన్నటి రక్తనాళమొకటి నా వైపు పాకింది.

పైడితల్లి బోర్లా పడుకుని ఉండేది. ఆమె ముఖం చూడాలంటే తల్లి ఎర్నమ్మ నేల మీద కూర్చుని తల పైకెత్తాలి.

“అప్ప ఏదే అమ్మా?”

“కింద వార్డులో ఉన్నాదే. మందు రాత్తన్నారు.”

పైడితల్లి అప్ప అని పిలిచే అక్క పాపాయమ్మ ఆ షెడ్డులోనే పోయింది. ఎర్నమ్మ రోజూ ఫ్లాస్కు పట్టుకుని “అప్పకి జావ ఇచ్చొత్తా” అని వెళ్లేది. మెట్ల దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చి, జావ పారబోసి తిరిగొచ్చేది. ఎంత అదుముకున్నా ఆ వెక్కిళ్లు మంచం దాకా వినిపించేవి.

పైడితల్లి ఒంట్లో సత్తువ లేనన్నాళ్లు నన్ను భరించింది. కోలుకునే కొద్దీ ఆమె రక్తం నన్ను పరాయిదానిగా గుర్తుపట్టింది. నా అంచులు నల్లబడ్డాయి. నన్ను తీసేసి, ఆమె తొడ చర్మమే ఆమెకు వేస్తామన్నాడు డాక్టరు.

స్ట్రెచరు వచ్చినప్పుడు ఎర్నమ్మ లేచింది. “అప్పకోసారి చెప్పొత్తానే.”

“ఒద్దమ్మా. ఇంక ఆ మెట్ల కాడికి పోకు.” పైడితల్లి కళ్లు నేల మీదే ఉన్నాయి. “ఆ రోజు నాను అప్ప పక్కనే ఉన్నాను కదే. అప్ప కేక ఆగిపోడం ఇన్నాను. నువ్వు తట్టుకోనేవని ఊరుకున్నాను.”

ఎర్నమ్మ చేతిలోని ఫ్లాస్కు జారి దొర్లింది.

థియేటర్లో నన్ను ఒలిచేశారు. కింద ఎర్రటి కండ, దాని మీద చిన్న చిన్న నెత్తుటి బొట్లు. “కొత్త చర్మానికి బాగానే తయారైంది” అన్నాడు డాక్టరు. నన్ను ఆసుపత్రి వ్యర్థాలు వేసే పసుపు రంగు సంచిలో వేశారు. ఆమె చర్మం అక్కడ అతుక్కుందో లేదో నాకు తెలియలేదు. సంచి మూతి బిగిస్తుంటే బయటి వరండాలోంచి ఎర్నమ్మ ఏడుపు వినిపించింది. కొంగు అడ్డం లేకుండా, పెద్దకూతురి పేరు పెట్టి, గొంతెత్తి.