చక్రం కింది నిమ్మకాయలు

ఆయుధపూజ రోజున బెంగళూరులో పూలదండ పడని బండి ఉండదు. బ్రూక్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి స్వప్న వాళ్ళ అపార్ట్‌మెంటు కింద ఈసారి కొత్త కారు ఒకటి చేరింది. కుంకుమ పెట్టారు, బూడిద గుమ్మడికాయ కొట్టారు. స్వప్న నాలుగు నిమ్మకాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఇంటికి పెద్దోడివి నువ్వే కదా నాన్నా. టైర్ల కింద పెట్టు, చైతు స్టార్ట్ చేస్తాడు.”

అల్లుడు అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను కదల్లేదు. ఏళ్ళ తరబడి ఈ పని నడుంనొప్పి మీదికో, బీపీ మీదికో నెట్టి తప్పించుకుంటున్నాను. ఈసారి సాకు తట్టలేదు.

“నాన్నా, అందరూ చూస్తావుండారు. పరువు తీయొద్దు” అంది స్వప్న, పక్క ఫ్లాటు వాళ్ళకేసి నవ్వుతూనే.

అది నా మాటే. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట యలహంకలో మా తాత వెంకటగిరియప్పను నేనన్న మాట. కారు పక్కనున్న సిమెంటు గట్టు మీద కూర్చుండిపోయాను. ఇక దాచి ప్రయోజనం లేదనిపించి, అందరి ముందూ చెప్పేశాను.

తాత చిక్కబళ్ళాపురం వైపు పోయే చిన్న లైనులో ఇంజను డ్రైవరు. రెండున్నర అడుగుల ఎడంలో వేసిన పట్టాలు, బొమ్మ రైలంత బండి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు సర్కారు ఆయన్ని తూర్పు కొండల్లోకి పంపింది. అక్కడ సైన్యం వేసుకున్న చిన్న లైను మీద బియ్యం, మందులు, పెట్రోలు పీపాలు మోసే బండి నడిపాడు. వానలో చక్రాలు జారితే పట్టాల మీద ఇసుక చల్లుకుంటూ కొండెక్కిన కథలు ఎన్ని చెప్పేవాడో. ఆయుధపూజ నాడు మాత్రం పొద్దున్నే గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. ఎందుకని మేమెవరమూ అడగలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాం.

ఇంట్లోవాళ్ళు స్కూటరుకు పేరు రాయించిన ఏడేళ్ళకు, నేను ఆ మాట అన్న ఏడాదే, బండి చేతికొచ్చింది. వీధంతా చేరింది. పెద్దవాళ్ళ చేత నిమ్మకాయలు పెట్టించాలి కదా, తాతను పిలిచాను. రానన్నాడు. నాకు అప్పుడు ఇరవై మూడేళ్ళు, నోటికి హద్దు లేదు. తలుపు బాదుతూ వీధి వీధంతా వినేలా అరిచాను.

“తుపాకీ పట్టింది లేదు, బియ్యం మూటలు మోసినోడివి! దానికే ఇంత బిగువా? బయటికి రా. అందరూ చూస్తావుండారు, పరువు తీయొద్దు!”

తలుపు తీసుకుని వచ్చాడు. గొంతుక్కూర్చుని రెండు చక్రాల కిందా రెండు నిమ్మకాయలు పెట్టాడు. ఒకటి దొర్లిపోయింది, పాకుతూ పోయి తెచ్చి మళ్ళీ పెట్టాడు. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదని అవ్వ చెబితే కూడా, ఆకలైతే ఆయనే తింటాడులే అన్నాను.

వారం తిరక్కుండా పెద్దమునియప్ప నన్ను టీ అంగడి దగ్గర నిలబెట్టాడు. తాత ఇంజనులో బొగ్గు వేసిన మనిషి, యుద్ధానికి కూడా వెంట పోయినవాడు.

“ఏమప్పా ఓబులేషూ, మీ తాతతో నిమ్మకాయలు పెట్టిస్తివంటనే. యుద్ధంలో ఆ కొండల్లో మేముండంగా ఒక పొద్దు ఆయుధపూజ వచ్చె. బండి నిండా మందులుండాయి. నిమ్మకాయ తొక్కించకుండా ఇంజను కదిలించేది లేదని కూర్చున్నాడు మీ తాత. మన ఊర్లో అట్లే కదా చేస్తాము. ఆ కొండల్లో నిమ్మకాయలు యాడివి? నేనే పల్లె పల్లె తిరిగి తెస్తి. రెండు గంటలాయె. మేము సైన్యం ఆస్పత్రికి చేరేసరికి, మందుల కోసం చూస్తా చూస్తా ముగ్గురు సిపాయి పిల్లోళ్ళు పోయుండిరి. ఎందుకు లేటని ఎవురూ మమ్మల్ని అడగలేదు. లైను బాగలేదేమో అనుకునిరి. అడిగి నాలుగు తన్నింటే బాగుండు అనేవాడప్పా మీ తాత.”

టీ చల్లారిపోయింది. గ్లాసు అక్కడే పెట్టి ఇంటికి వచ్చేశాను.

అక్కడికి చెప్పడం ఆపాను. చైతు కారు దిగాడు. పదేళ్ళ నా మనవరాలు అక్షర వచ్చి నా పక్కన కూర్చుంది.

“మరి ఆ తాతకు సారీ చెప్పినావా తాతా?”

ఆ ప్రశ్నకే భయపడి ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను. తాత ఆ తర్వాత రెండేళ్ళకు పైగా బతికాడు. ఒకే ఇంట్లో, ఒకే పంక్తిలో తిన్నాం. మునియప్ప చెప్పాడని చెప్పడానికి సిగ్గు, చెప్పకుండా ఆ ముఖం చూడటానికి సిగ్గు. మరుసటి ఆయుధపూజకు ముందు రోజే స్కూటరు తీసుకుపోయి దొడ్డబళ్ళాపురంలో నా స్నేహితుడు బసవరాజు ఇంట్లో పెట్టేసి బస్సులో వచ్చాను. ఆయన కంటబడకూడదని. అదే పెద్ద ప్రాయశ్చిత్తం అనుకున్నాను, మూర్ఖుణ్ణి.

పండగ పొద్దున లేచి చూస్తే ఆయన గది తలుపు తీసే ఉంది. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో రెండు నిమ్మకాయలు.

“బండి యాడప్పా? పెడదామని కూర్చోనుండా. ఇంకా నీకు కోపం పోలేదా నా మీద?”

అప్పుడైనా ఆ కాళ్ళ మీద పడి ఉండాల్సింది.

“రిపేరుకిచ్చినా తాతా” అన్నాను. ఆ పై ఏడాదీ ఆయన అలాగే కూర్చున్నాడు, నేనూ అదే మాట అన్నాను. ఆ తర్వాతి ఆయుధపూజకు ఆయన లేడు.

“లేదమ్మా, చెప్పలేదు” అన్నాను అక్షరతో.