కనపడతాందా?

“కనపడతాందా?” అన్నాడు అచ్యుత్ ఫోన్‌లోంచి.

ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో బుధవారం ఉదయం ఏడున్నర. బిందుమాధవి పొయ్యి మీద పాలు పెట్టి, వంటగది బల్లకు చేరగిలబడి ఫోన్‌లోకి చూస్తోంది. అక్కడ, చైనాలోని షెన్‌జెన్‌లో, మధ్యాహ్నం దాటింది. అంతస్తు మీద అంతస్తుగా లేచిన ఎలక్ట్రానిక్స్ బజారు అది. ఒక్కో దుకాణం మన పాన్‌డబ్బా అంత ఉంటుంది. గాజు పెట్టెల్లో చిప్పులూ స్క్రూలూ కెమెరాలూ ఫోన్ తెరలూ బియ్యం పోసినట్టు పోసి ఉంటాయి.

“ఇంకొంచెం దగ్గరికి పట్టుకోండి. కదపాకండి. వెలుతురు పక్కనుంచి పడల్ల. ముందు వెనక వైపు చూపించండి, ఆ తర్వాత ముఖం వైపు.”

అతను అలాగే పట్టుకున్నాడు. తెర అంచున జిగురు మరక, కనెక్టర్ మీద వెంట్రుకంత గీత. “పాతదానికి కొత్త అద్దం అంటించినారు. వద్దు. పక్క షాపులో చూడండి,” అంది.

ఆరేళ్లుగా ఇదే పద్ధతి. ఏడాదికి మూడుసార్లు భర్త అచ్యుత్ విమానం ఎక్కుతాడు, బజారంతా ఈమె కళ్లతో తిరుగుతాడు. అనంతపురం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌లో నాలుగేళ్లు పనిచేసింది ఆమె. టౌన్‌లో వాళ్ల ఫోన్ రిపేర్ షాపు బోర్డు మీద ఉన్నది మాత్రం అతని పేరు. కస్టమర్లు అతన్ని డాక్టర్ అని పిలుస్తారు. ఆ డాక్టరుగారు రోజూ సాయంత్రం చచ్చిన ఫోన్లను సంచిలో వేసుకుని ఇంటికి తెస్తాడు. బిందుమాధవి వంటగది బల్ల మీద మైక్రోస్కోప్ పెట్టుకుని వాటికి ప్రాణం పోస్తుంది. పొద్దున్నే అతను వాటిని పట్టుకెళ్లి మెప్పులు అందుకుంటాడు. “ఇంట్లో కూచోని చేసే పనే కదమ్మా, వాడు చూడు పాపం, దేశాలు పట్టుకోని తిరుగుతాండాడు,” అంటుంది అత్తగారు జయలక్ష్మి అనంతపురం నుంచి. తిరిగేవాడిది అలసట. మెడ వంచి కూర్చున్నదానిది మాత్రం విశ్రాంతి కింద లెక్క. మెడ నొప్పి అని ఒకసారి అంటే, దిండు మార్చమని సలహా ఇచ్చారు.

నాలుగు నెలల కిందట ఆమె పుట్టినరోజుకు అచ్యుత్ ఆ బజారునుంచే గోడ గడియారం తెచ్చాడు. గుండ్రంగా, తెల్లగా, శుభ్రంగా ఉంది. పొయ్యీ బల్లా రెండూ కనిపించే గోడకు తనే మేకు కొట్టి తగిలించాడు. ఇంట్లో ఒక మేకు కొట్టడం అతనికి అదే మొదటిసారి, ఆమె మురిసిపోయింది కూడా. అప్పటినుంచి భర్తకు ఆమె మీద శ్రద్ధ పెరిగింది. “మధ్యాహ్నం అన్నం తినకుండా టీతో సరిపెట్టినావే?” అనేవాడు. “రెండు గంటలు ఎవరితోనో ఫోన్లో మాట్లాడితివే?” అనేవాడు. ఎలా తెలిసిందని అడిగితే, “మొగునికి తెలీకుండా ఉంటాదా,” అని నవ్వేవాడు. “నా కొడుక్కి నీ మీద ఎంత ధ్యాసో,” అని అత్తగారు పొంగిపోయింది. కొన్నాళ్లు ఈ పిచ్చిది కూడా అదే అనుకుంది. తర్వాత్తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైట సర్దుకోవడం మొదలుపెట్టింది. తన వంటగదిలో తనే గొంతు తగ్గించి మాట్లాడేది. నాకేదో అవుతోందని భయపడి జీపీ డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్షలు చేయించుకుంది. అన్నీ నార్మల్ అని వచ్చాయి.

ఈ నాలుగు నెలల్లో ఆమె రెండు ఉద్యోగాలకు పిలుపు తెచ్చుకుంది. అచ్యుత్‌కు చెప్పలేదు. వీధి చివర ఉండే రాచెల్‌కు మాత్రం చెప్పింది. ఆవిడ గుంటూరు వైపు మనిషి, హాస్పిటల్లో నర్సు. మొదటి ఇంటర్వ్యూ రోజు కారు తాళాలు అచ్యుత్ కోటు జేబులో షాపుకు వెళ్లిపోయాయి. రెండోసారి తెల్లారేసరికి నలభై ఫోన్ల పెట్టె గుమ్మంలో ఉంది, సాయంత్రానికల్లా కావాలన్నాడు. ఖర్మ అనుకుని ఊరుకుంది. మూడోది రేపే, నార్తాంప్టన్‌లోని ఒక కాలేజీ వర్క్‌షాపులో టెక్నీషియన్ ఉద్యోగం. ఇది కూడా పోతే ఇక అప్లికేషన్ పెట్టే ఓపిక తనలో మిగలదని ఆమెకు తెలుసు. నిన్న మంగళవారం పొద్దున రాచెల్ ఇక్కడే టీ తాగుతూ, నా కార్లో దింపుతాలే అంది. ఆ సాయంత్రమే చైనానుంచి అచ్యుత్ ఫోన్ చేశాడు. “గురువారం యాడికీ పోవాకు. డెలివరీ వస్తాంది, సంతకం పెట్టల్ల.”

ఇప్పుడు తెరల బేరం అయిపోయింది. అచ్యుత్ ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకున్నాడు, కాల్ కట్ చేయడం మరిచాడు. స్క్రీన్ నల్లబడింది గాని బజారు గోల వినిపిస్తూనే ఉంది. అక్కడివాళ్లు తమ భాషలో ఫోన్‌కు చెబితే, ఆ ఫోన్ ఇంగ్లీషులో పైకి చదువుతుంది. బేరాలన్నీ అలాగే సాగుతాయి. ఏ రాగమూ లేని ఆ మరగొంతు మర్యాదగా అడిగింది. పోయినసారి తీసుకెళ్లిన గోడ గడియారం బాగా పనిచేస్తోందా? వంటగది అంతా కనిపిస్తోందా?

“వెరీ గుడ్,” అన్నాడు అచ్యుత్. “సౌండ్ ఆల్సో క్లియర్.”

ఈసారి బెడ్‌లైట్ ఉంది, పడకగదికి బాగుంటుంది అంది మరగొంతు.

పాలు పొంగి పొయ్యంతా కారాయి. బిందుమాధవి కాల్ కట్ చేసి, గడియారానికి వీపు పెట్టి, పొయ్యి తుడిచింది. తుడిచిందే తుడిచింది. దాన్ని పీకి నేలకేసి కొట్టాలనిపించింది. నిమిషంలో విప్పి లోపలి కన్ను బయటికి లాగగలదు. కాని పీకిన మరుక్షణం అతనికి తెలిసిపోతుంది. అతనికి తెలిస్తే రేపు ఉండదు. ఇన్ని నెలలుగా తను ఏడ్చింది, జుట్టు దువ్వుకుంది, ఎవరూ లేరనుకుని పాడుకుంది, అంతా అతను జేబులో వేసుకుని తిరిగాడు. సింకులోకి వంగి నీళ్లు కొట్టుకుని, ముఖం తుడుచుకుని, బల్ల దగ్గర బాగా కనిపించే చోట నిలబడి రాచెల్‌కు ఫోన్ చేసింది.

“అక్కా, రేపటిది మానుకుంటాండా. మా ఆయన్ను కాదని నాకెందుకు ఉద్యోగం? తల పగిలిపోతాంది. రేపంతా పైన పండుకుంటా.”

“ఏంటే, నిన్నటిదాకా బానే ఉన్నావు గదా,” అంటోంది రాచెల్. బిందుమాధవి ఫోన్ పెట్టేసింది.

చెత్త సంచి పట్టుకుని బయటికి నడిచింది. రాచెల్ అప్పటికే రోడ్డు దాటి వస్తోంది. బిన్‌ల పక్కన నిలబడి బిందుమాధవి అంతా చెప్పింది. రాచెల్ ఆమె చెయ్యి పట్టుకుంది. “పోలీసులకి చెబుదాం పద.”

“చెబుదామక్కా. రేపటిది కానియ్యి. కారు మీ సందులోనే పెట్టు.”

అరగంటలో అచ్యుత్ ఫోన్ చేశాడు. గొంతులో తేనె కారుతోంది. “రేపు ఆ డెలివరీ రాదంట బంగారూ. నువ్వు మాత్రేసుకోని పైన పండుకో.”

తలనొప్పి అని ఆమె అతనికి చెప్పలేదు. పైన పడుకుంటానని అసలే చెప్పలేదు. “సరేనండీ,” అంది. ఆరేళ్లలో అంత చల్లగా ఎప్పుడూ సరే అనలేదు.

గురువారం తాళాలు పోలేదు, పెట్టెలు రాలేదు. నార్తాంప్టన్‌లో ఆమె ముందు చచ్చిన బోర్డు ఒకటి పెట్టారు. ఎక్కడ కాలిందో పదకొండు నిమిషాల్లో చూపించింది. ఇది ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. వంటగదిలో అంది. శుక్రవారం ఉద్యోగం ఇచ్చినట్టు ఉత్తరం మెయిల్‌లో వచ్చింది, రాచెల్ ఇంట్లో ప్రింట్ తీసింది. అక్కడినుంచే పోలీసులకు ఫోన్ చేస్తే, గడియారాన్ని ముట్టుకోవద్దు, మేం వచ్చి తీసుకుంటాం అన్నారు.

శనివారం ఉదయం. ఆ సాయంత్రమే అచ్యుత్ తిరుగు విమానం ఎక్కాలి. పాస్‌పోర్టు, నాలుగు జతల బట్టలు, మైక్రోస్కోప్, పట్టకార్లు రాచెల్ కార్లో ఉన్నాయి. ఇంజన్ ఆపకుండా రాచెల్ బయట కూర్చుంది. ఏమీ అనకుండా వెళ్లిపోవచ్చు. కాని ఇన్నాళ్లూ చూసినవాడు ఇది చూడకపోతే ఎలా?

కుర్చీ లాక్కుని ఎక్కింది. గడియారాన్ని ముట్టుకోలేదు. ఉత్తరాన్ని దాని ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది. ముందు వెనక వైపు చూపించింది, ఆ తర్వాత ముఖం వైపు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా కొంచెం వంచింది. పేరు, ఉద్యోగం, చేరే తేదీ. సెకన్ల ముల్లు రెండు చుట్లు తిరిగేదాకా అలాగే నిలబడింది.

బల్ల మీద ఫోన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. మూడోసారి మోగినప్పుడు కుర్చీ దిగి, తీసి చెవికి ఆనించుకుంది. అవతల బజారు హోరు. దాని మధ్య అచ్యుత్ ఊపిరి.

“కనపడతాందా?” అని అడిగింది బిందుమాధవి.