జాజు గిన్నె

బుచ్చవ్వ పాత పేపరు ముద్దను తడిపి అద్దం తుడుస్తోంది. ముందు అడ్డంగా, తరువాత నిలువుగా, ఆఖరున కొంగుతో మూలలు. కోరుట్ల బస్టాండు ఎదురు సందులో ఉన్న ఈ పటాల దుకాణంలో ఆమె పని అదే. అద్దం తుడవాలి, ఫ్రేము బద్దెలకు మేకులు కొట్టాలి, వెనక అట్ట బిగించాలి. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి సున్నం తిన్న వేళ్ల కొనలు ఇప్పటికీ తెల్లగా పగిలి ఉంటాయి. పెనిమిటి సామేలు పోయినప్పటి నుంచి సున్నాల పని మాని ఈ బల్ల ముందు కూర్చుంది.

ఇక్కడ కూర్చున్నాకే ఆమెకు బొమ్మలు చూడటం వచ్చింది. ఎవరూ నేర్పలేదు. అద్దం కిందికి పోయే ప్రతి బొమ్మనూ కాసేపు ఆపి చూసేది. ఇంట్లో ఉన్న ఏసు పటంలో వెలుతురు ఒక పక్క నుంచే వస్తుంది, సగం ముఖం నీడలో ఉంటుంది. బట్ట మీద గీసే చేర్యాల బొమ్మల్లో వెనకంతా ఎరుపే, అక్కడ ఎవరికీ నీడ లేదు. బడి పిల్లల నీళ్ల రంగుల్లో గుట్ట ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. వార్లీ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. మట్టిగోడ మీద తెల్లటి పుల్లల మనుషులు! ఇది మా సున్నం పనే గదా అనుకుంది. కొన్ని బొమ్మల్లో దూరంగా ఉన్న మనిషి చిన్నగా కనిపిస్తాడు. చేర్యాల బొమ్మల్లో దూరంతో పని లేదు. గొప్పవాళ్లు నడుమ పెద్దగా, పనివాళ్లు అంచున చిన్నగా ఉంటారు. ఈ సంగతి తనంతట తాను కనిపెట్టిన రోజు బుచ్చవ్వ రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

ధనుంజయ్ సేటు ఒక చుట్ట తెచ్చి బల్ల మీద విప్పాడు.

"రాజమణిది. జగిత్యాలల బొమ్మల ప్రదర్శనల పెట్టిన్రట, పేపర్ల గూడ అచ్చింది. మాపటికి ఆమెనే అస్తది. కొత్త బద్దె కొయ్యి అవ్వా, అంచు జర గూడ పోవద్దు" అని బేరానికి వెళ్లిపోయాడు.

బుచ్చవ్వ చేతిలో పేపరు ముద్ద నీళ్లు కారింది.

రాజమణి, తను కలిసి కోరుట్లలో సున్నం వేయని వాడ లేదు. బుచ్చవ్వ నిచ్చెనెక్కి గోడంతా తెల్లగా చేస్తే, రాజమణి కింద కూర్చుని జాజుతో ఎర్రటి అంచు దిద్దేది. నిచ్చెన రెండో మెట్టు ఎక్కితే దానికి కళ్లు తిరిగేవి. ఇంటివాళ్లు బయటికొచ్చి అంచునే చూసేవాళ్లు. "ఎంత సక్కగ దిద్దినవే రాజమణీ!" తెల్లగోడను ఎవరు చూస్తారు? తరువాత రాజమణి సిరిసిల్లకు పోయింది. అక్కడ శ్రీలత అనే బొమ్మల టీచరు ఆమెను చేరదీసి చేర్యాల పని నేర్పింది. రాజమణి కబురు విన్నప్పుడల్లా సున్నపురాళ్ల మీద నీళ్లు పోసినట్టు బుచ్చవ్వ కడుపు ఉడికేది.

బొమ్మ వంక చూసింది. ఎరుపు మీద, నడుమ, నిచ్చెన మీద ఆడమనిషి ఒకతె. నిండుగా, పెద్దగా, చేతిలో కుంచె. కుడి అంచున మోకాలెత్తు మనిషి ఇంకొకతె, చెయ్యి చాచి గిన్నె అందిస్తోంది. చేర్యాల పద్ధతిలో రెండు ముఖాలూ ఒకే తీరుగా ఉన్నాయి.

'కుంచె పట్టిందంటే రాజమణే. గిన్నెలు మోసేదాన్ని నేను. అంచుకు నూకినవానే నన్ను?'

గిన్నెలో ఏముందో చూడలేదు. కొత్త బద్దె కోయలేదు. గోడకు వేలాడుతున్న చిన్న ఫ్రేమొకటి దింపింది. కొలిచి, కర్ర ఆనించి, బ్లేడు గీసింది. చింతగింజల జిగురు, సుద్ద పూసిన బట్ట ఒక్కసారికి తెగలేదు. మళ్లీ గీసింది. చిన్న మనిషి పీలికతో పాటు ఊడివచ్చింది. గిన్నె పట్టి చాచిన చెయ్యి మాత్రం బొమ్మలో మిగిలింది, దాన్ని తీస్తే నిచ్చెన కాలు పోతుంది. పీలికను ముద్ద చేసి చెత్తలో వేసింది. మున్సిపాలిటీ బండి ఈల వినపడగానే ఏ రోజూ లేనంత తొందరగా డబ్బా తీసుకుపోయి ఒంపింది.

పొద్దు వాలాక రాజమణి రెండు సంచులతో వచ్చింది. బక్కచిక్కింది, నవ్వు మాత్రం పాతదే.

"మంచిగున్నవా అక్కా? నన్ను జూసి మూతి గట్ల ముడుస్తున్నవేందే, అప్పు అడుగుతననుకున్నవా?"

"సంచులేంది?"

"బొంబాయి పక్క భీవండికి పోతున్న. బిడ్డ రమ్మన్నది. ఇగ అక్కడ్నే ఉండుడు."

బుచ్చవ్వ ఫ్రేమును ముందుకు తోసింది. "ఇగో, నీ బొమ్మ. తీస్కపో."

"నాదేంది? నీకే ఏసిన. నిచ్చెన మీద ఉన్నది నువ్వేనాయె!"

"నేనా?"

"మరెవలు? నేనెక్కుదునా? రెండో మెట్టుకే పడిపోదును గదనే! ఈమెను గింత పెద్దగ ఏసినవేందని టీచరమ్మ అడిగింది. గోడంత ఆమెదేనమ్మా, నాది అంచే అన్న." రాజమణి వంగి చూసింది. "నేనేదే ఇండ్ల?"

బుచ్చవ్వ కొంగుతో ఫ్రేము మూల తుడిచింది. "బద్దె... గంతే ఉండె."

రాజమణి వేలు అద్దం మీద, ఆ చిన్న చేతి దగ్గర ఆగింది. 

"పోనీ తియ్యి. చెయ్యన్న మిగిలింది" అంది.

బస్టాండులో భీవండి బస్సు హారన్ కొట్టింది. రాజమణి సంచులు ఎత్తుకుంది. ఒక సంచి అందుకోవాలని బుచ్చవ్వ లేచింది. లేచినచోటే నిలబడిపోయింది. 'మంచి చెయ్యి దానికే ఇచ్చినవు, ఈ మంచి మనసు గూడ దానికే ఇయ్యాల్నా ప్రభువా?'  రాజమణి ఎక్కిన బస్సు సందు చివరన కనిపించి మలుపు తిరిగింది.

బుచ్చవ్వ చెత్తడబ్బా మూత తీసి చూసింది. అడుగున చెక్కపొట్టు తప్ప ఏమీ లేదు.

అద్దం మీద రాజమణి వేలిముద్ర పడి ఉంది. పేపరు తడిపి దాని చుట్టూ తుడిచింది. ఆ ముద్ర కింద, బద్దెలోంచి మొలిచినట్టున్న చిన్న చెయ్యి ఒకటి, నిచ్చెన మీది మనిషికి జాజు గిన్నె అందిస్తూనే ఉంది.