టిక్కు పెట్టని గడి

నలభై దగ్గరపడుతున్నా ఆఫీసులో అందరికీ ఆమె బొమ్మలమ్మాయే. ఆన్‌లైన్‌లో వేలమంది కలిసి ఆడే ఓ కొత్త ఆటలో ఇళ్ళూ వాకిళ్ళూ సామానూ గీయడం ఆమె పని. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు విప్పి, ఇవాళ ఏం పోయిందా అని గదులన్నీ ఓసారి చూసుకునేది. ఇంట్లో ఉన్నదేదైనా చూసి గీసినా, తలుచుకుని గీసినా, అది ఇంట్లోంచి పోయి ఆటలో తేలేది మరి. గడియారం పోయి గోడకి మేకు మిగిలింది. స్టూలు గీసేముందు ఒక్కమాట చెప్పి ఏడవొచ్చుగా, కూర్చోబోయి నడుం విరగ్గొట్టుకున్నానని వాళ్ళమ్మ వారంపాటు సణిగింది.

పోయింది తిరిగొచ్చేది కాదు. ఓసారి బకెట్ సరిగ్గా కుదరలేదని ఆటలోంచి చెరిపేస్తే అక్కడా లేకుండా, ఇక్కడా లేకుండా పోయింది. చేసేదేముంది, కొత్త బకెట్ కొనుక్కున్నారు.

ఆ ఆట చేయించే డైరెక్టర్‌కి మాత్రం ఆమె బొమ్మలంటే ప్రాణం. మీ ఇంట్లో ఇంకా ఏమేం ఉన్నాయని సిగ్గులేకుండా అడిగేవాడు. ఇంతలో ఇంకెవరిదో ఆట ముందే వచ్చేస్తోందని తెలిసి, విడుదల ముందుకు జరిపాడు. మొదటి ఊళ్ళో గడప మీద ఓ ముసలమ్మ ఉండాలన్నాడు. కొత్తగా ఆటలోకి వచ్చినవాళ్ళకి గ్లాసుతో మంచినీళ్ళివ్వాలి, రెండు రోజుల్లో కావాలి.

ఆ మాట ఇంట్లో చెబితే అమ్మ మోకాళ్ళు నొక్కుకుంటూ నవ్వింది.

"కుర్చీ అక్కడే, మంచం అక్కడే. నేనొక్కదాన్నీ ఇక్కడ నేల మీద ఎందుకే? నన్నూ పంపెయ్. అక్కడ మోకాళ్ళ నొప్పులుండవుగా?"

"ఉండవమ్మా."

"మాట్లాడ్డానికి మనుషులుంటారా?"

"వేలమంది."

నిజం చెప్పుకోవాలంటే బొమ్మలమ్మాయికి ఆ క్షణాన కాస్త హాయిగానే అనిపించింది. పొద్దున్నే మందులు, ఆఫీసులో ఉండగా ఫోన్లు, రాగానే సణుగుడు, అన్నీ తప్పుతాయనుకుంది. నీకు బోలెడు మాటలు రాసిస్తాను, రోజూ వచ్చి చూస్తానని చెప్పింది. అమ్మ జుట్టు దువ్వుకుని, ఇత్తడి గ్లాసు పట్టుకుని కదలకుండా కూర్చుంది. మధ్యాహ్నానికి గదిలో దువ్వెన ఒక్కటే మిగిలింది.

బోలెడు మాటలు రాయడానికి తీరిక ఏదీ? డైరెక్టర్ నెత్తి మీద కూర్చున్నాడు. మూడంటే మూడే రాసింది. వచ్చావా. తిన్నావా. జాగ్రత్తగా వెళ్ళు. ఆ తొందరలోనే ఇంకో పని మర్చిపోయింది. ఆటలో ప్రతి మనిషి బొమ్మకీ 'చావు లేదు' అని ఓ గడి ఉంటుంది. ఊళ్ళో ఉండే మనుషులకి అందులో టిక్కు పెట్టాలి. మంచాలూ గడియారాలూ గీసే చెయ్యి కదా, వాటికి ఆ గడే ఉండదు. టిక్కు పెట్టలేదు.

ఆట విడుదలైన రోజు ఆఫీసులో కేకు కోశారు. చేతిలో కేకు ముక్కతోనే బొమ్మలమ్మాయి ఆటలోకి వెళ్ళి చూసింది. గడప ముందు కత్తులు పట్టుకుని జనం బారులు తీరి ఉన్నారు. ముసలమ్మని చంపితే ఇత్తడి గ్లాసు దక్కుతుందని, దాన్ని సంతలో మారిస్తే మంచి కత్తి వస్తుందని ఎవడో కనిపెట్టాడు. అమ్మ వచ్చావా అంటోంది, గ్లాసు చాపుతోంది, పడిపోతోంది. మళ్ళీ లేచి, మళ్ళీ వచ్చావా అంటోంది. తర్వాతివాడు కత్తి ఎత్తుతున్నాడు.

బొమ్మలమ్మాయి డైరెక్టర్ గదిలోకి పరుగెత్తింది. విడుదలయ్యాక పాత బొమ్మని ముట్టుకోవాలంటే అతని అనుమతి ఉండాలి.

"ఆవిడ మా అమ్మ సార్. ఒక్క టిక్కు పెట్టనివ్వండి."

"తెలుసమ్మా, చాలా బాగా గీశావు," అన్నాడతను. "కానీ జనం వస్తున్నదే ఆ గ్లాసు కోసం. ఇప్పుడు తీసేస్తే నన్ను చంపుతారు."

పైగా ఆట పూర్తయింది కాబట్టి బొమ్మలవాళ్ళతో ఇక పని లేదని, సాయంత్రంలోగా ఆఫీసు గుర్తింపు కార్డులు ఇచ్చేసి వెళ్ళమని అప్పుడే చెప్పాడు. అందర్నీ ఇంకో కేకు ముక్క తీసుకోమన్నాడు.

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. పాత బొమ్మని ముట్టుకోకూడదు, సరే. కొత్త బొమ్మ పెట్టడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు. ఫోన్‌లో తన మొహం చూసుకుంటూ గీయడం మొదలుపెట్టింది. బొమ్మని గడప మీద, అమ్మకి అడ్డంగా, చేతులు చాపి నిలబెట్టింది. ఈసారి అన్నిటికంటే ముందు ఆ గడిలోనే టిక్కు పెట్టింది. పక్క బల్ల దగ్గర కోడు రాసే అతను, కార్డు తీసుకోడానికి సెక్యూరిటీవాళ్ళు వస్తున్నారని చెప్పాడు. అయిపోయిందంటూ ఆమె చివరి గీత గీసేసింది. అతను తిరిగి చూసేసరికి కుర్చీ మీద కార్డు ఉంది. దాన్ని తీసి సెక్యూరిటీవాళ్ళ చేతికిచ్చాడు.

ఆ తర్వాత ఆ గడప దాటడం ఎవరి తరమూ కాలేదు. కత్తులు ఆమెకి తగిలి జారిపోయేవి. జనానికి కొన్నాళ్ళకి విసుగొచ్చి వేరే ఊళ్ళకి పోయారు. వెనక నుంచి వాళ్ళమ్మ తిన్నావా, తిన్నావా అని అడుగుతూనే ఉంది. తొందరలో బొమ్మలమ్మాయి తనకి ఒక్క మాటా రాసుకోలేదు.