గంటన్నర ముందున్న గడియారం

గడియారాల మేస్త్రీ ఎక్కడికెళ్ళినా ముందు చూసేది గోడ మీది గడియారాన్నే. కొందరు ఎదుటివాళ్ళ చెప్పులు చూస్తారు, కొందరు నగలు చూస్తారు. ఈయన ముళ్ళు చూస్తాడు. ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున బసలో దిగగానే, కొబ్బరిచెట్ల సందుల్లో మెరుస్తున్న నీళ్ళని వదిలేసి, వరండాలో వేలాడుతున్న లోలకం గడియారం వైపే ఆయన చూపు పోయింది. ఇంకా దీపాలు పెట్టలేదు, అది తొమ్మిదిన్నర చూపిస్తోంది. మూడు గంటల పైచిలుకు ముందు! ఆయనకి పంటి కింద రాయి పడ్డట్టయింది.

"చూడకండి" అంది భార్య, పెట్టె దించుతూ, అటు తిరిగే. ముప్ఫై ఏళ్ళ కాపురం మరి. మొగుడి చూపు ఎటు పోతుందో ఆవిడ వీపుకి కూడా తెలుసు.

బయల్దేరే ముందే ఆవిడ తేల్చి చెప్పింది. "ఈ నాలుగు రోజులూ గడియారం జోలికి పోకుండా ఉండండి. ఉంటే ఇద్దరం కలిసి మనింటికి పోదాం. లేదంటే నేను అట్నుంచి అటే అక్క దగ్గరికి పోతాను. మళ్ళీ పిలవడానికి రావద్దు." గొంతు పెంచలేదు. అందుకే ఆయన హడలిపోయాడు. అరిచే పెళ్ళానికి సమాధానం చెప్పచ్చు, నెమ్మదిగా మాట్లాడే పెళ్ళానికి ఏం చెబుతాం?

ఆవిడ తప్పూ లేదు. ఆ ఇంట్లో ఆరూ పదికి టీ, ఎనిమిదీ ఐదుకి టిఫిను, తొమ్మిదిన్నరకి దీపం ఆర్పెయ్యడం. కంచం పక్కన చేతి గడియారం విప్పి పెట్టుకుని అన్నం తినే మనిషి ఆయన. చుట్టాలందరూ అలారం బావ అంటారు. వెనకాల కాదు, మొహం మీదే.

బస నడిపే ఆవిడది వాళ్ళ ఈడే. మనిషి గడపలో అడుగుపెట్టగానే వరస కలిపేసే రకం. "వదినగారూ, అదిగో ఆ ఇసుక మెట్ట కనిపిస్తోందా? నీళ్ళు తగ్గితే దారి తేలుతుంది, నడిచెళ్ళచ్చు. పావుగంట నడక. ఆ గడియారంలో ఎనిమిదైతే బయల్దేరండి, పది కొట్టేలోగా వచ్చెయ్యండి. అంతే" అంది. అంతకుమించి చెప్పలేదు. ఏటేటా వచ్చేవాళ్ళకే గదులిచ్చి అలవాటైపోయిందేమో, కొత్తవాళ్ళకి ఏది తెలియదో ఆవిడకి తెలియదు.

మర్నాడు కలలో జరిగినట్టు జరిగింది. ఎండ కూడా అక్కడ తొందరపడదు. అరుగు మీద ఎక్కిన వెలుగు గుమ్మం దాకా రావడానికి సగం పూట పట్టింది. అల వచ్చి మేస్త్రీ ఎడమకాలి చెప్పు పట్టుకుపోయింది. తీసుకున్నది తిరిగివ్వాలి కదా అన్నట్టు ఆయన ఒంటి చెప్పుతో చాలాసేపు నిలబడ్డాడు. సముద్రం ఇవ్వలేదు. మధ్యాహ్నం రెండు చెట్లకి కట్టిన వల ఊయల్లో పడుకోబోయి, అటువైపు నుంచి దిగిపోయి నడుం పట్టేసింది. భార్య నవ్వుతూ నవ్వుతూనే నూనె రాసింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆయనకి లెక్క తెలియలేదు. నడుం నొప్పి ఇంకో రెండు రోజులుంటే బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ పక్కనే చాపేసుకుని పడుకుంది. నిద్రపోయిందో మేలుకునే ఉందో, అది మధ్యాహ్నమో సాయంత్రమో, ఏదీ తెలియకుండా ఇద్దరి మీదుగా గాలి పోతూ వస్తూ ఉంది.

అంతా బాగానే ఉంది, ఆ గడియారం ఒక్కటీ తప్ప.

మూడోరోజు తెల్లవారుజామున ఆయన పెట్టె అడుగున తువ్వాలులో చుట్టి దాచిన చేతి గడియారం తీసి చూశాడు. ఐదు. వరండాలోది ఆరున్నర. మొదటి సాయంత్రం మూడు గంటల పైన ముందుంది, నిన్న రెండు గంటల పైన, ఇవాళ గంటన్నర. అంటే రోజుకి యాభై నిమిషాలు వెనకపడుతోంది! లోలకం జారిపోయింది, సందేహం లేదు. తన చెయ్యి తన మాట వినలేదు. పరాయి ఇల్లు, ఇచ్చిన మాట, రెండూ గుర్తున్నాయి. అయినా స్టూలెక్కాడు. లోలకం కింది మరని నాలుగు చుట్లు బిగించి, ముళ్ళు ఐదు దగ్గర పెట్టి, ఊడిన గుండీ కుట్టుకున్న చొక్కాని చూసుకున్నంత తృప్తిగా చూసుకుని, వెళ్ళి పడుకున్నాడు. రెండు రోజుల్లో మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు.

లేచేసరికి పక్కన చాప ఖాళీ. బయటికొచ్చాడు. గడియారం ఎనిమిదీ ఇరవై, నిక్కచ్చిగా. అప్పుడే బస ఆవిడ బజారు నుంచి వచ్చింది. గడియారం వైపు చూసింది, సముద్రం వైపు చూసింది, చేతిలో సంచీ జారిపోయింది.

"ఇదేంటి! ఇప్పుడిది పది కొట్టబోతూ ఉండాలి కదా! వదినగారేరీ?"

ఇసుక దారి చివర, మెట్ట మీద, ఒక చిన్న చీర రంగు కదులుతోంది. దారికి అటూ ఇటూ నీళ్ళు చేరుతున్నాయి.

"తప్పుగా ఉందని..." అన్నాడు మేస్త్రీ.

"తప్పేంటి అన్నయ్యగారూ! నీళ్ళు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యంగా తగ్గుతాయి. అందుకే రోజూ దీపాలు పెట్టాక ఆ ముళ్ళు నేనే అంత వెనక్కి తిప్పుతాను. అప్పుడు దారి ఎప్పుడూ దాని ఎనిమిదికే తెరుచుకుంటుంది, పదికే మూసుకుంటుంది. మా అత్తగారి కాలం నుంచీ ఇంతే. ముసలి గడియారం, ఇవాళ ఆగి ఆగి నడిచిందో ఏమో." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. "కంగారుపడకండి. మెట్ట మునగదు. పందిరుంది, కొబ్బరి బోండాలున్నాయి. పడవలు వేటకెళ్ళాయి. సాయంత్రం దారి తేలాక ఆవిడే వస్తారు, కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. పట్టేసిన నడుంతోనే దారిలో దిగాడు. సగం దూరంలో నీళ్ళు మోకాళ్ళ పైకొచ్చాయి, ఆపైన నడుముకి, చివర్లో పొట్టకి. తెల్లారగట్ట పెట్టుకుని మర్చిపోయిన చేతి గడియారంలోకి ఉప్పునీళ్ళు పోయి ముల్లు ఆగిపోయింది. మెట్ట ఎక్కి ఇసుకలో చతికిలబడితే, భార్య పందిరి కింద కాళ్ళు చాపుకుని గవ్వలు ఏరుకుంటోంది.

"ఇదేంటి, తడిసి ముద్దయ్యారు? ఎనిమిదికేగా బయల్దేరాను. ఇంకా బోలెడు టైముందిగా."

"దారి మూసుకుపోయింది. సాయంత్రం దాకా ఇక్కడే" అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. దారి లేదు. ఒడ్డు నుంచి మెట్ట దాకా ఒకటే నీలం. "పాపం, ఆవిడ గడియారం పాతదైపోయింది కాబోలు" అంది. అంతే, మళ్ళీ గవ్వల్లో పడింది.

ఆ మాట పట్టుకుంటే చాలు, బతికిపోయేవాడు. బస ఆవిడ కూడా అదే అంది. ఇద్దరు సాక్షులు దొరికాక ఇంకేం కావాలి? ఆయన నోరు మూసుకున్నాడు.

పొద్దు ఎక్కింది. నీళ్ళు మెట్ట చుట్టూ చేరి, చప్పుడు తగ్గించి, అక్కడే ఊగుతూ ఉండిపోయాయి. ఒడ్డు పల్చబడి, ఉందో లేదో అన్నట్టయింది. ఇద్దరూ బోండాలు తాగారు, కునుకు తీశారు, మళ్ళీ లేచారు. మబ్బు నీడ ఒకటి నీళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, వాళ్ళని దాటుకుని పోయింది. ఎప్పుడో ఆవిడ మాట్లాడింది, ఆయనతో అన్నట్టు కాదు.

"అమ్మ గుర్తొస్తోంది. ఆ రోజు మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. 'బస్సు టైమైంది, పద' అన్నారు మీరు. లేచాను. మళ్ళీ వారం వెళ్ళేసరికి మాట పడిపోయింది. ఏం చెప్పాలనుకుందో నాకు ఇప్పటికీ తెలీదు."

ఆ బస్సు ఏడూ పదికి. అది ఆయనకి ఠక్కున గుర్తొచ్చింది. మంచం మీద అత్తగారి మొహం ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. అప్పుడు ఆయనకి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒంటి మీద చొక్కా కూడా బరువనిపించే సిగ్గు.

"గడియారం పాతదైపోలేదు. తెల్లారగట్ట నేనే తిప్పాను. అది సముద్రాన్ని బట్టి నడిచే గడియారమట. సరిచేస్తున్నాననుకున్నాను. నీకిచ్చిన మాట గుర్తుండే చేశాను."

ఆవిడ లేచి మెట్ట రెండో కొసకి వెళ్ళి, అటు తిరిగి కూర్చుంది. మధ్యాహ్నమంతా అక్కడే ఉంది. ఆయన ఇక్కడే ఉన్నాడు. మధ్యలో నాలుగు కొబ్బరిచెట్లు. క్షమించమని అడగడానికి ఎన్నిసార్లు లేచాడో అన్నిసార్లూ కూర్చున్నాడు. అడిగితే తొందరపెట్టినట్టే అవుతుందని.

పొద్దుగూకేసరికి నీళ్ళు కదిలాయి. ముందు ఒక చార, తర్వాత రెండు చారలు, చివరికి తడి తడిగా దారంతా తేలింది. ఒడ్డున బస ఆవిడ దీపం పెట్టింది. భార్య ఈ కొసకొచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆయన లేవలేదు.

"పద అనరేం?"

"నీకెప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు."

ఆవిడ మళ్ళీ కూర్చుంది, ఊరికే. ఒక నక్షత్రం వచ్చింది, దాని పక్కన ఇంకోటి. అవన్నీ వచ్చేదాకా కూర్చుని, అప్పుడు లేచింది. చీలమండల లోతు నీళ్ళున్న దారిలో ఇద్దరూ నడిచారు.

"మాట మాటే. అక్క దగ్గరికే పోతాను" అంది.

"సరే."

"నెల్రోజులుంటాను. ఆ తర్వాత నేనే వస్తాను. ఏ తారీకున అని అడిగారంటే రాను."

ఆయన అడగలేదు. ఏ తారీకు, ఏ బస్సు, ఎన్నింటికి, మూడూ గొంతు దాకా వచ్చాయి. మింగాడు. మళ్ళీ వచ్చాయి. మళ్ళీ మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ పక్క నుంచి ఆయన మొహాన్నే చూస్తూ నడిచింది. కాసేపటికి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"పదిహేను రోజులే ఉంటాలెండి" అంది.