చప్పుడు చేయని రాడ్

భూమేష్ స్టీరింగ్ రాడ్‌ను చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయను ఊపినట్టు ఊపాడు. చప్పుడు రాలేదు. మళ్ళీ ఊపాడు. అప్పుడూ రాలేదు. నడినెత్తిన ఎండలో నిలబడి, అది దొరికిన తుక్కు గుట్టకేసి చూశాడు.

చప్పుడు రాకపోతే రాడ్ మంచిదే. కాకపోతే మంచిది ఈ గుట్టలో ఉండకూడదు. ఇది కరిగించడానికి పంపే గుట్ట. ఇది ఇక్కడుంటే, పోయిన నెల షాదాబ్‌కు తాను ఇచ్చిందేమిటి?

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ తుక్కు బండ్ల యార్డులో భూమేష్‌కు అదే ఆఖరి రోజు. వీసా రద్దయింది, సాయంత్రం ఫ్లైట్. ఇవాళ డ్యూటీకి రమ్మని ఎవరూ చెప్పలేదు. క్యాంపులో సంచీ కట్టుకుని కూర్చోవడం చేతకాక, తన మూల కాస్త సర్దిపోదామని వచ్చాడు.

సన్నటి మనిషి. డ్యాష్‌బోర్డుల కింద పడుకుని పడుకుని మెడ ఒక పక్కకు వాలిపోయింది. అరచేతి గీతల్లో దిగిన నలుపు ఏ సబ్బుకూ వదల్లేదు. ఇన్నేళ్ళూ చేసిందల్లా గుద్దుకున్న బండ్లలోంచి పనికొచ్చే సామాను ఊడదీయడమే. ఎన్ని వందల స్టీరింగులు ఊడదీశాడో గానీ ఒక్క బండీ నడిపి ఎరగడు. ఊడదీసే ముందు ఒక్క నిమిషం ఆ డ్రైవరు సీటులో కూర్చునేవాడు. ఎవరో ఏమో, బతికి ఉంటే చాలు అనుకునేవాడు. అప్పుడే పానా చేతిలోకి తీసుకునేవాడు.

సెలవు మీద ఇంటికి పోయినప్పుడు గల్ఫ్ అంతా దుబాయే అనే వాడకట్టువాళ్ళు దుబాయ్‌లో ఏం పనని అడిగితే "బండ్లు ఇప్పుత" అని చెప్పాడు. భార్య స్వర్ణ అందరి ముందూ పకపకా నవ్వింది. "నువ్వు ఇప్పుకుంట పోతే మరి బిగించేదెవలు?" ఆ మాట ఇప్పటికీ అతని వెంటే ఉంది.

షాదాబ్‌ది కోరుట్ల. ఇక్కడేదో ఆఫీసులో ఉద్యోగం. అమెరికా వాళ్ళ తాతల కాలంనాటి పికప్ ఒకటి కొని, కొత్త ఇంజన్ పెట్టి, హాట్ రాడ్ అని పేరు పెట్టి, వచ్చిన జీతమంతా దానికే పోస్తున్నాడు. స్టీరింగ్ దగ్గరికొచ్చేసరికి చేయి ఖాళీ అయింది. అమెరికా నుంచి కొత్త రాడ్ తెప్పించడం అయ్యే పని కాదు. ఫోన్‌లో చూపించిన చవకరకం వట్టి ఇనపగొట్టం. అది వద్దన్నది భూమేషే. బండి దేనికైనా గుద్దుకుంటే రాడ్ తనలోకి తాను ముడుచుకోవాలి, లేకపోతే తిన్నగా డ్రైవరు రొమ్ములో దిగుతుంది.

అప్పుడు యార్డులో ఒకే రకం డెలివరీ వ్యాన్లు రెండున్నాయి, వాటి రాడ్ ఆ పికప్‌కు సరిపోతుంది. ఒకటి వెనక దెబ్బ తిన్నది, రెండోది ముందు స్తంభాన్ని కొట్టింది. రెండు రాడ్లూ భూమేషే ఊడదీశాడు. స్తంభాన్ని కొట్టినది అప్పటికే ఒకసారి ముడుచుకుంది, ఇంక ముడుచుకోదు. లోపలి ప్లాస్టిక్ పిన్నులు విరిగి గలగలమంటాయి. దాన్ని ఎవరో లాగి సాపు చేసి పక్కనే పెట్టారు. చూపుకు రెండూ ఒకటే.

షాదాబ్ వచ్చిన రోజే స్వర్ణ ఫోన్ చేసింది. టికెట్ ఖాయమైందని చెబుతుంటే అటునుంచి ఏడుపో నవ్వో తెలియలేదు. ఫోన్ చెవికి ఆనించుకునే ఒక రాడ్ తీసి ఇచ్చేశాడు. ఆ ఒక్కదాన్ని ఊపి చూడలేదు.

ఇప్పుడు గుట్ట దగ్గర నుంచే ఫోన్ చేస్తే షాదాబ్ ఎత్తలేదు. రేపు శుక్రవారం పొద్దున్నే దోస్తులతో కలిసి ఆ బండి మీద ఎడారి అవతల దుఖాన్ దాకా పోతానని మొన్ననే చెప్పాడు. ఖాళీ రోడ్డు, కొత్త ఇంజన్. భూమేష్ ఇంక ఆగలేదు. క్యాంపులో సంచీ తీసుకుని, రాడ్ ఒళ్ళో పెట్టుకుని షాదాబ్ ఉండే అల్ వుకైర్‌కు టాక్సీ ఎక్కాడు. దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎర్రలైటు పడ్డ ప్రతిసారీ తిట్టుకున్నాడు.

గేటు తీసింది షాదాబ్ భార్య జైబా.

"ఫోన్ ఇంట్లనే పెట్టి పోయిండన్నా. బండి చూస్తనని గీ గల్లీలల్లనే తిరుగుతుండు. కూసో, చాయ్ తెస్త."

"చాయ్ వద్దు భాభీ. ఎంతసేపయింది పోయి?"

ఆమె అతని ముఖం చూసి చాయ్ మాట వదిలేసి బయటికి వచ్చింది. ఇద్దరూ గేటు దగ్గరే నిలబడ్డారు. దూరాన ఎక్కడో బ్రేకు కీచుమన్నప్పుడు భూమేష్ రాడ్‌ను గుండెకు హత్తుకున్నాడు. ఫ్లైట్ తప్పినా సరే, ఆ మనిషి కళ్ళబడితే చాలనుకున్నాడు.

చివరికి ఉరుముకుంటూ వచ్చింది బండి. షాదాబ్ నవ్వుతూ దిగాడు. భూమేష్ చెప్పిందంతా విన్నాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

"గలగలమంటుంది నిజమేనన్నా. పాత బండి గదా అనుకున్న. రేపొక్కరోజు పోయొస్త, శనివారం మెకానిక్ వస్తడు, మార్పిస్త. ఖసమ్ సే, ఒట్టు."

"వద్దు షాదాబ్ భాయ్."

"మెల్లగ నడుపుతనన్నా."

"నువ్వు మెల్లగనే పోతవ్. ఎదురొచ్చేటోడు?"

జీవితంలో ఎవరికీ ఎదురుచెప్పని మనిషి భూమేష్. ఇంకో మాట అనకుండా బండి తలుపు తీశాడు. ఎప్పటిలాగే ఒక్క నిమిషం సీటులో కూర్చున్నాడు. తరవాత జేబులోంచి పానా తీసి డ్యాష్‌బోర్డు కిందికి దూరాడు. ఊడదీయడం అతనికి ఎంతసేపు! షాదాబ్ "అన్నా, ఆగు, జెర ఆగన్నా!" అని అరుస్తుండగానే రాడ్ స్టీరింగ్ చక్రంతో సహా బయటికొచ్చింది.

"ఇప్పుడు ఆ మంచిది బిగియ్యి మరి!"

"నాకు బిగించుడు రాదు" అన్నాడు భూమేష్. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

షాదాబ్ ముఖం ఎర్రబడింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన శుక్రవారం కళ్ళముందే పాడయింది. గిరుక్కున తిరిగి లోపలికి పోయాడు. భూమేష్ మంచి రాడ్‌ను సీటు మీద పడుకోబెట్టి, చెడ్డదాన్ని గోడవార ఉంచి సంచీ భుజాన వేసుకున్నాడు. జైబా ఒక్కతే గేటు దాకా వచ్చింది. నీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

టాక్సీ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేట వీధులు దాటుతుండగా ఫోన్ మోగింది. షాదాబ్.

"అన్నా..." అన్నాడు. "నేను గూడ ఊపి చూసిన. రెండూ."

భూమేష్ కళ్ళు తుడుచుకున్నాడు.

"నీ పానా బండ్లనే మర్చిపోయినవ్. ఎయిర్‌పోర్ట్‌కు తెస్త, ఆగుతవా?"

జేబు తడుముకున్నాడు. ఇన్నేళ్ళూ పానా బరువుకు సాగిపోయిన జేబు వదులుగా వేలాడుతోంది.

"తేకు. బిగించేటోనికి అక్కరకొస్తది."

అల్ వుకైర్‌లో, స్టీరింగ్ లేని ఆ బండిలో, చప్పుడు చేయని రాడ్ పక్కన, పిడి దగ్గర అతని బొటనవేలు ఆనే చోట అరిగి మెరుస్తూ ఉంది పానా.